ఫైలు ఎవరి దృష్టిలో ఉంది?

మైక్రోకెర్నెల్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెర్నెల్‌కు ఫైలంటే ఏమిటో తెలియదు. మెమరీని వేరువేరుగా పంచడం, ప్రాసెసర్ మీద వంతులు వేయడం, ఒక ప్రోగ్రాము పంపిన సందేశాన్ని మరొకదానికి చేర్చడం, అంతవరకే దాని పని. పేర్లు, ఫోల్డర్లు, అనుమతులు అన్నీ కెర్నెల్‌కు బయట మామూలు ప్రోగ్రాములాగే నడిచే ఫైల్ సర్వర్ చూసుకుంటుంది. లినక్స్‌లో డిస్కుల మీది ప్రధాన ఫైల్ సిస్టమ్‌లు కెర్నెల్ లోపలే ఉంటాయి కనుక అక్కడ రాని సందేహం ఇక్కడ వస్తుంది: అన్నిటికీ ఆధారమైన కెర్నెలే ఎరగని ఫైలు ఉన్నట్టా, లేనట్టా?

ఇలాంటి ప్రశ్నకు జైన తార్కికులు ఒక్క మాటలో జవాబివ్వరు. ఏ దృష్టితో అడుగుతున్నారో ముందు తేలుస్తారు. ఆ దృష్టి పేరు నయం. ఈ ఆలోచన అనంతపురం సీమకు పరాయిది కాదు. నిశ్చయ (పరమార్థ), వ్యవహార (లోకవ్యవహార) నయాలను విడదీసి చూపిన కుందకుందాచార్యులది గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల అని సంప్రదాయం.

అప్లికేషన్ దృష్టిలో ఫైలుకు పేరుంది, పరిమాణముంది. ఫైల్ సర్వర్ దృష్టిలో అది ఒక పట్టికలోని వరుస, దానికి చెందిన కొన్ని బ్లాకులు. డిస్క్ డ్రైవర్‌కు నంబర్లున్న బ్లాకులే తప్ప పేర్లు లేవు. కెర్నెల్‌కు అవన్నీ సందేశాలే. వీటిలో ఏదీ అబద్ధం కాదు. తాను చూసిందే సర్వస్వమని పట్టుబట్టిన నయాన్ని మాత్రం జైనులు దుర్నయం అన్నారు.

కెర్నెల్‌కు తెలియకపోవడం లోపం కాదు, కోరి పెట్టుకున్న హద్దు. బయట ఉంచితే వ్యవస్థకు అవసరమైన పని అసాధ్యమయ్యే అంశాన్నే లోపలికి రానివ్వాలని మైక్రోకెర్నెల్ పరిశోధకుడు యోహెన్ లీట్కే 1995లో సూత్రీకరించాడు. కెర్నెల్ లోపలి ఫైల్ సిస్టమ్‌లో తప్పు జరిగితే యంత్రమంతా ఆగిపోవచ్చు. బయటి సర్వర్ కూలితే కూలేది ఆ ప్రాసెస్. కెర్నెల్ చిన్నదైతే నిరూపణా సాధ్యం: సీ భాషలో పదివేల పంక్తులలోపే ఉన్న ఎస్‌ఈఎల్4 మైక్రోకెర్నెల్ తన నిర్దేశానికి కట్టుబడి ఉందని 2009లో గణితపరంగా నిరూపించగలిగారు. సర్వర్ బయట ఉండటం వాడుకరికి స్వేచ్ఛనూ ఇస్తుంది: మైక్రోకెర్నెల్ మీద నడిచే గ్నూ హర్డ్‌లో సాధారణ వాడుకరి కూడా తన సొంత ఫైలు పేరుకు ఒక ప్రోగ్రామును తగిలించవచ్చు. అప్పుడు ఆ పేరు వెనుక దూరపు సర్వర్‌లోని ఫైళ్లు ఒక ఫోల్డర్‌గా కనిపించవచ్చు. లినక్స్‌కు ఇలాంటి వెసులుబాటు 2005లో, ఫైల్ సిస్టమ్‌ను కెర్నెల్ బయట నడపనిచ్చే ఫ్యూజ్‌తో వచ్చింది.

ఈ స్వేచ్ఛకు ఖరీదుంది. జైనులు చెప్పే మరో నయం ఏవంభూతం ప్రకారం పేరు సూచించే క్రియ జరుగుతున్నప్పుడే ఆ పేరు వస్తువుకు చెల్లుతుంది. పురాలను కూల్చుతున్నప్పుడే ఇంద్రుడు పురందరుడు. ఈ కఠినమైన దృష్టి ఫైల్ సర్వర్లకు అక్షరాలా వర్తిస్తుంది. సర్వర్ మధ్యలో చనిపోతే ఫైలు తెరిచినప్పుడు అప్లికేషన్‌కు అందిన నంబరు వెనుక ఏమీ మిగలదు. మైక్రోకెర్నెల్ వ్యవస్థ అయిన మినిక్స్ 3లో కూలిన డ్రైవర్‌ను గమనించి మళ్లీ లేపే ప్రత్యేక సర్వర్ ఉంది. డ్రైవర్ గుర్తుంచుకోవలసింది తక్కువ కనుక అది సులువు. ఫైల్ సర్వర్‌ను కొత్తగా మొదలుపెట్టినా, ఎవరు ఏ ఫైలు తెరిచారో, డిస్కుకు ఇంకా చేరని రాత ఏమిటో పాతదానితోనే పోతాయి. చావకుండా, జవాబూ ఇవ్వకుండా ఉండిపోయే సర్వర్ ఇంకా ప్రమాదం: గడువు పెట్టుకోని అప్లికేషన్ అలాగే నిలిచిపోతుంది. అందుకే ఎవరో రాసిన ఫైల్ సర్వర్‌ను తెరవడమంటే దాన్ని నమ్మడమే. ఆ నమ్మకానికి హద్దు గీయడం డిజైనర్ బాధ్యత.

ఆ హద్దు రాత దగ్గరా కావాలి: 'రాశాను' అని ఫైల్ సర్వర్ ఇచ్చే జవాబుకు చాలాసార్లు తన మెమరీలో పెట్టుకున్నానన్నదే అర్థం. డిస్కుకు చేర్చమని అడిగే పిలుపు ఎఫ్‌సింక్. దానికి జవాబు వచ్చేదాకా 'భద్రపరిచాం' అనే మాట ఏ ప్రోగ్రామూ వాడుకరికి చూపకూడదు.