పడకపోవడం పాపం కాదు

అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మే ఇంట్లో, అన్నప్రాశన నాడు నాకించిన పరమాన్నానికి బిడ్డ ఒళ్లంతా దద్దుర్లు తేలితే ఆ నమ్మకాన్ని ఏం చేసుకోవాలి? దైవమైన అన్నాన్ని తప్పుపట్టలేం గనుక దిష్టి తగిలిందంటాం, లేదా తల్లి పాలలోనే దోషముందంటాం. కానీ అన్నాన్ని బ్రహ్మమన్న తైత్తిరీయోపనిషత్తే దాన్ని ప్రాణులు తినేదిగానూ, ప్రాణులను తినేదిగానూ వివరించింది. ఆ రెండో ముఖాన్ని మనం మరిచాం. ఆయుర్వేదం సాత్మ్యం అన్నది కూడా ఏ ఒంటికి ఏది హితమన్న విచారణే. వాడుక తెలుగు ఇంకా సూటిగా ‘పాలు పడలేదు’ అంటుంది. ఇద్దరు మనుషులకు పొసగకపోయినా ‘పడదు’ అనే అంటాం. ఆ మాటలో పాలకూ నింద లేదు, బిడ్డకూ లేదు, తల్లికీ లేదు.

వైద్యశాస్త్రమూ ఇదే చెబుతోంది. ఆవుపాలలోని కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి ప్రొటీన్లను కొందరు పసివాళ్ల రోగనిరోధక శక్తి శత్రువులుగా పొరబడుతుంది. కొందరిలో నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తాయి. ఇంకొందరిలో విరేచనంలో జిగురు, నెత్తుటి చారలు, తగ్గని ఎగ్జిమా రోజుల తరబడి వేధిస్తాయి. ఊపిరి ఆడకపోయినా, బిడ్డ వాడిపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గేదెపాలకో మేకపాలకో మారినా లాభం లేదు, వాటి ప్రొటీన్లూ దాదాపు అలాంటివే. సాధారణంగా తల్లిపాలు మాన్పించనక్కర్లేదు. అవసరమైతే డాక్టరు సలహాతో తల్లే పాలపదార్థాలు మాని, కాల్షియం మరో రూపంలో తీసుకోవాలి.

మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా అని పెద్దలు అడగవచ్చు. పేరు తెలియనంత మాత్రాన బాధ లేకపోలేదు. ప్రతి ఏడుపునూ ఎలర్జీ అంటే ఎలా అన్నది మాత్రం బరువైన ఆక్షేపణే. అందుకే మెల్లగా బయటపడే లక్షణాలకు 2 నుంచి 4 వారాలు పాలు మాన్పి, తేరుకున్నాక డాక్టరు చెప్పినట్టు మళ్లీ ఇచ్చి చూస్తారు. లక్షణాలు తిరిగొస్తేనే నిర్ధారణ. భయంతో అన్నీ దూరం పెట్టడమూ చేటే. ఎగ్జిమా ముదిరిన, లేదా గుడ్డు పడని 640 మంది పసివాళ్లపై బ్రిటన్‌లో జరిగిన లీప్ అధ్యయనం 2015లో వెలువడింది. వేరుశనగను తొలి ఏడాదిలోనే తినడం మొదలుపెట్టినవారిలో ఆ ఎలర్జీ సుమారు 80 శాతం తగ్గిందని తేల్చింది.

కనుక అన్నాన్ని గౌరవించడమంటే కళ్లు మూసుకుని పెట్టడమూ కాదు, బెదిరి మానేయడమూ కాదు. పెట్టిన అన్నం ఆ ఒంట్లో ఏమవుతోందో గమనించడం. పాల ఎలర్జీ చాలామందిలో బడి ఈడుకు తగ్గిపోతుంది. అందాకా పాలు కలపని మెత్తటి అన్నంతోనూ వేడుక జరుగుతుంది. ఆ సంస్కారం పేరులో ఉన్నది అన్నమే గాని పాలు కావు.