నూనె వేడెక్కువరకు

ధ్యాన భాగములు: 1 తిమోతి 3:6, 1 రాజులు 19:4–8



సంఘమునకు అధ్యక్షుడుగా నుండువానిని గూర్చి పౌలు తిమోతికి వ్రాయుచు, విశ్వాసములోనికి క్రొత్తగా వచ్చినవానిని ఆ పనిలో నిలుపవద్దని హెచ్చరించెను. అట్టివాడు గర్వించి పడిపోవునను కారణమును కూడ తెలిపెను. ఈ మాటను మనము పలుమారు చదివితిమి. అయితే దాని ప్రకారము నడుచుకొంటిమా?

మన సంఘపు బిడ్డ యొకడు పట్టణములో కార్ల షెడ్డునందు పనిచేయుచున్నాడు. క్రిస్మస్ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అతడు చెప్పిన సంగతి యొకటి మా మనస్సులో నిలిచిపోయినది. అది జర్మనీ దేశములో 2000 మొదలు 2006 వరకు తయారైన బి.ఎం.డబ్ల్యూ. ఎం3 అను స్పోర్ట్స్ కారును గూర్చినది. దాని ఇంజను నిమిషమునకు 8000 చుట్లు తిరుగగలదు. అంత బలముగల బండియైనను, స్టార్టు చేసిన వెంటనే దానిని ఆలాగు పరుగెత్తింపకూడదట. చుట్లు చూపు మీటరు అంచున నారింజ వర్ణముగల చిన్న దీపములు వెలుగుచుండును. ఈ దీపములు దాటి పోవద్దని వాటి భావము. లోపలి ఆయిలు వేడెక్కుకొలది ఆ దీపములు ఒక్కొక్కటిగా ఆరిపోవుచు, డ్రైవరునకు మరికొంత దారి ఇచ్చుచుండును.

ఎందుకీ జాగ్రత్త? మన పెద్దలు ఇరుసుకు కందెన పెట్టనిదే బండి కట్టెడివారు కారు. ఇంజనులో ఆయిలు చేయు పనియు అదియే. ఇనుము ఇనుమును తాకకుండ, తలవెండ్రుకకంటె పలుచనైన పొరగా అది నడుమ నిలుచును. ఆయిలు చల్లగా నున్నప్పుడు చిక్కగా నుండి, సన్నని సందులలోనికి త్వరగా పోజాలదు. ఈ కారునకు వాడిన ఆయిలు డబ్బామీద 10డబ్ల్యు-60 అని యుండును. మొదటి అంకె చలిలో దాని గుణమును, రెండవది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనమును తెలుపును. ఇట్టి మంచి ఆయిలు సయితము 40 డిగ్రీలయొద్ద నున్నప్పుడు, 100 డిగ్రీలయొద్ద నున్నదానికంటె ఆరేడు రెట్లు చిక్కగా నుండును.

ఇందులో మరియొక మర్మమున్నది. ఇంజను చుట్టు తిరుగు నీళ్లు త్వరగా వేడెక్కును. కొద్ది నిమిషములలోనే నీళ్ల ముల్లు తన చోటికి వచ్చి నిలుచును. ఎరుగనివాడు అది చూచి, ఇక బండి సిద్ధమైనదని తలంచును. ఆయిలు మాత్రము ఇంకను చల్లగానే యుండును. అందుకే ఆ కారులో ఆయిలు వేడికి వేరుగా ఒక మీటరు పెట్టిరి. నీళ్ల ముల్లు ఆయిలును గూర్చి సాక్ష్యమియ్యలేదు.

ప్రియులారా, ఈ మాట వినినప్పుడు మా తప్పు మాకు కనబడెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఉజ్జీవ కూడికలలో ఒక యౌవనుడు కన్నీళ్లతో ప్రభువును అంగీకరించి బాప్తిస్మము పొందెను. చక్కగా పాడెడివాడు, గట్టిగా ప్రార్థించెడివాడు. ఆ వేడి చూచి మేము సంతోషించితిమి. రెండు నెలలు గడువకమునుపే యౌవనుల కూటమిని, చందాల లెక్కను, ప్రక్క ఊరి ఆదివారపు ప్రసంగమును అతని భుజములమీద మోపితిమి. సంవత్సరము తిరుగకముందే అతడు గుడికి వచ్చుట మానెను. వెనుకకు జారిపోయెనని మేము సులువుగా చెప్పుకొంటిమి. చాల ఆలస్యముగా అతని ఇంటికి వెళ్లగా, తల్లి వాకిట నిలిచి, “అయ్యగారూ, మావాడికి పనులు చెప్పారే గాని, ఒక్కనాడైనా ఎట్లా ఉన్నావురా అబ్బాయీ అని అడిగారా?” అనెను. మేము తల వంచుకొంటిమి. మేము చూచినది నీళ్ల ముల్లు మాత్రమే.

అయితే క్రొత్త విశ్వాసికి ఏ పనియు ఇయ్యక కూర్చుండబెట్టవలెనా? కాదు. చల్లని ఇంజనును నిలిపియుంచి ఊరక తిప్పుటచేత ఆయిలు త్వరగా వేడెక్కదు. మెల్లగా, మితమైన వేగముతో నడుపుటయే మంచి పద్ధతి. ఆలాగే అతనికి చిన్న పని ఇయ్యుడి. పెద్దవానితో కూడ రోగులను దర్శింప పంపుడి. వాక్యములో వేరు పారనియ్యుడి. దీపములు ఒక్కొక్కటిగా ఆరనియ్యుడి.

ఇక రెండవ అపాయము అధికమైన వేడి. స్పోర్ట్స్ కార్లలో ఆయిలు సాధారణముగా 90 మొదలు 120 డిగ్రీలవరకు ఉండుట మేలు. పందెపు బాటమీద ఎడతెగక పరుగెత్తి 130, 140 డిగ్రీలు దాటినచో అది మిక్కిలి పలుచనై, త్వరగా గుణము చెడును. పొర తెగినచోట ఇనుము ఇనుమును రాచుకొనును. అప్పుడు తెలివిగల డ్రైవరు వేగము తగ్గించి, కొంతదూరము మెల్లగా పోనిచ్చి చల్లార్చును.

మన సంఘములలో ఇట్టివారు లేరా? ఊడ్చుట మొదలు ఉపదేశమువరకు అన్నియు ఒకరే చేయుదురు. కొంతకాలమునకు వారి మాట కరుకగును. చిన్న సంగతికి కలహము పుట్టును. వారికి భక్తి తగ్గెనని మనము గొణుగుదుము. ఏలీయాను చూడుడి. కర్మెలు కొండమీద అగ్నిని దింపిన ప్రవక్త మరునాళ్లలో బదరీవృక్షము క్రింద పడి, చావు కోరెను. దేవుడు అతనిని గద్దించెనా? దూతను పంపి రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. ప్రయాణమును గూర్చిన మాట ఆ తరువాతనే వచ్చెను.

లోపలి నూనెను ఎరిగినవాడు ప్రభువొక్కడే. అందుచేతనే దావీదు 139వ కీర్తనలో తన హృదయమును పరిశోధింపుమని ఆయననే వేడుకొనెను. మనమును అట్లే వేడుకొందము. మరియు సంఘపు పెద్దలారా, ఈ నెలలో క్రొత్త విశ్వాసుల ఇండ్లకును, అలసిన సేవకుల ఇండ్లకును వెళ్లుదము. ఏ పనియు చెప్పక, “ఎట్లా ఉన్నారు?” అని అడిగి, జవాబు వచ్చువరకు కూర్చుందము. తప్పిపోయిన ఆ యౌవనుని వాకిటికి మేము మరల వెళ్లుచున్నాము. అతని కొరకు ప్రార్థించుడి.

ప్రార్థన: హృదయములను ఎరిగిన తండ్రీ, నీ బిడ్డలపై మేము త్వరపడి మోపిన భారములను క్షమించుము. చల్లనివారిని నీ ఆత్మచేత వెచ్చజేయుము, అలసినవారికి విశ్రాంతి దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.