ఎర్రగడ్డ అన్న ఒక్క మాట

గోప్యత అంటే ఏమిటన్న ప్రశ్నను మూలానికి వెళ్లి విచారించదలచినవారికి హైదరాబాదులో ఎర్రగడ్డను మించిన చోటు దొరకదు. రాయలసీమ వాడుకలో ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ. హైదరాబాదు వాడుకలో ఆ మాటకు పట్టిన అర్థం వేరు. జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలోని ఈ పేటలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నందువల్ల, ‘వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి’ అన్న మాట తెలుగు సినిమాల్లో హాస్యానికీ, నలుగురు చేరినచోట ఎత్తిపొడుపుకూ పనికివస్తూ, ఊరిపేరు కాస్తా రోగం పేరుగా మారిపోయింది. ఫలానా మనిషి ఫలానా రోజున ఎర్రగడ్డకు వెళ్లాడన్న సంగతి బయటపడితే చాలు, జబ్బేమిటో మందేమిటో ఎవరూ చెప్పనక్కర లేకుండానే పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు, ఉద్యోగం చేజారవచ్చు, అద్దె ఇల్లు దొరక్కపోవచ్చు. ఆ మనిషి వెళ్లింది అక్కడి రైతుబజారులో కూరగాయలు కొనడానికే అయినా అనుమానం అనుమానంగానే మిగులుతుంది.

ఇటువంటి సంగతులు ప్రభుత్వాల దగ్గర కోట్ల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కో శాఖ తన పట్టీని తన బీరువాలో పెట్టుకున్నంతకాలం వాటి మధ్య ఉన్న దూరమే పౌరుడికి కాపలాగా ఉండేది. ఆ కాపలాను ఎవరూ ఆలోచించి పెట్టలేదు, అది బద్ధకం వల్ల కలిగిన మేలు. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అనే పద్ధతి ఈ దూరాన్ని తొలగించడానికే పుట్టింది. ఒక పెద్ద సంస్థ చేసే పనులు, ఆ పనులకు కావలసిన సమాచారం, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అది నిలిచే యంత్రాలు, ఈ నాలుగు అంతస్తులనూ విడివిడిగా కాక ఒకే ఇంటి ప్లానుగా గీయడమే ఆ పేరుకు అర్థం. 1987లో జాన్ జాక్‌మన్ అనే అమెరికా నిపుణుడు రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఈ-ప్రగతి’ పేరిట 33 శాఖలనూ 315 సంస్థలనూ ఒకే ప్లానులోకి తేవాలని తలపెట్టింది. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో ఇంటింటికీ తిరిగి సమగ్ర కుటుంబ సర్వే జరిపారు. పలు శాఖల పట్టీలను పోల్చి ఒక్కో కుటుంబాన్నీ ఒకే చోట చూపించే ‘సమగ్ర వేదిక’ ఆ తరువాత వచ్చింది.

ఇలాంటి పని మొదలుపెట్టేటప్పుడు భద్రత, గోప్యత అనే రెండు మాటలను జంటపదంలా కలిపి పలకడం ఆనవాయితీ. ఆ జంటే సగం పొరపాటుకు కారణం. భద్రత అంటే దొంగ లోపలికి రాకుండా చూసుకోవడం. గోప్యత అంటే లోపల ఉన్న యజమాని తనకు తాను గీసుకునే గీత. తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవి ఉన్నవాడు ఏమి చూడవచ్చు, దేనికి చూడవచ్చు అన్న ప్రశ్నకు తాళం జవాబు చెప్పదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలతో సహా బహిరంగంగా కనిపించాయని వార్తలు వచ్చాయి. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వ ‘అన్న సంజీవిని’ మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరుతో, ఫోన్ నంబరుతో ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనబడిందని, వాటిలో లైంగిక సమస్యలకు వాడే మాత్రలు కూడా ఉన్నాయని తేలింది. ఈ రెండింటిలోనూ ఎవరూ గోడ దూకలేదు. పని ఎంత బాగా జరుగుతున్నదో చూపించుకోవాలని పెట్టిన అద్దాల కిటికీలోంచే లోపలి మనుషులు కనిపించారు. ఇల్లు కట్టినవారికి పడకగది ఏదో, వసారా ఏదో ముందే తోచకపోవడమే ఇక్కడి దోషం.

దాచుకోవలసిన అవసరం అసలు ఏమిటి, తప్పు చేయనివాడికి భయమెందుకు అన్న వాదం ఈ సందర్భంలో తప్పక వినిపిస్తుంది. ఆస్తిక సమాజంలో ఆ వాదానికి అదనపు బలం కూడా ఉంది. ఎందుకంటే అన్నీ చూసే ఈశ్వరుణ్ణి, అన్నీ రాసే చిత్రగుప్తుణ్ణి నమ్మేవారికి ఎవరో ఒకరు చూస్తున్నారన్న భావన కొత్తదీ కాదు, భయంకరమైనదీ కాదు. కాని శాస్త్రం ఆ చూపుకు పెట్టిన నియమాన్ని ఈ వాదం మరచిపోతుంది. ముండకోపనిషత్తు ఒకే చెట్టు మీద వాలిన రెండు పక్షుల గురించి చెబుతుంది: ఒకటి పండు తింటుంది, రెండవది తినకుండా చూస్తుంది. తినేది జీవుడని, చూసేది ఈశ్వరుడని వ్యాఖ్యాతలు వివరించారు. వేదాంతంలో సాక్షి అనే మాటకు అర్థం ఇదే: చూపు ఉండి, ఆ చూపు వల్ల తనకు కలగవలసిన ప్రయోజనం ఏదీ లేనివాడు. అంతర్యామికి మనసులోని మాట తెలిసినా భయం కలగకపోవడానికి కారణం ఆయనకు ఆ మాటతో పని లేకపోవడమే. చిత్రగుప్తుడి చిట్టా కూడా ఒకే పనికి, ఒకే సభలో, ఒకే న్యాయమూర్తి ముందు విప్పేది. బతికి ఉన్నవాడి చిట్టాను ఆయన పొరుగువాడికి చదివి వినిపించిన కథ పురాణాల్లో కనిపించదు.

రాజ్యం అటువంటి సాక్షి కాదు, కాలేదు. అది పన్ను వేస్తుంది, పింఛను ఇస్తుంది, కార్డు రద్దు చేస్తుంది. అంటే చూసిన ప్రతిదానితోనూ దానికి పని ఉంది. అది తినే పక్షి. తెలంగాణలో 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల విషయంలో క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలన జరపాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. పట్టీలో పేరు చూసి నిర్ణయించడానికీ గడప దగ్గర నిలబడి మనిషిని చూసి నిర్ణయించడానికీ ఉన్న తేడాను ఆ ఆదేశం గుర్తించింది. తప్పు చేయనివాడికి భయమెందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది: తప్పు చూసేవాడిది కూడా కావచ్చు.

చూపే ఒక క్రియ అన్న ఈ ఆలోచనను న్యాయశాస్త్రంలోకి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోదగినవాడు రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. 1962 డిసెంబరులో వెలువడిన ఖరక్ సింగ్ కేసు తీర్పులో, పోలీసుల నిఘా నీడలో తిరిగే మనిషికి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా అతని కదలిక స్వేచ్ఛ కాదని, వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత భాగమని ఆయన భిన్నాభిప్రాయం రాశారు. అప్పుడది మైనారిటీ మాట. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, అందులో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ కూడా ఉన్నారు, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చినప్పుడు ఆ పాత మాట చట్టమయింది. వైద్యంలోనైతే ఈ నియమం ఇంకా పాతది. చరక సంహిత విమానస్థానంలో శిష్యుడికి గురువు చేసే ఉపదేశంలో, రోగి ఇంట్లో చూసిన సంగతులను బయట చెప్పరాదన్న కట్టుబాటు ఉంది. వైద్యుడు ఇంటి లోపలికి వెళ్లక తప్పదు, చూడక తప్పదు. చూసినదాన్ని గడప దాటించకపోవడమే అతని ధర్మం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి హక్కుగా ఇచ్చింది కూడా అదే.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు, అది బలమైనదే. మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డలోనే ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. క్షయ రోగిని గుర్తించిన ప్రతి వైద్యుడూ ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. గాలి ద్వారా ఇతరులకు సోకే జబ్బు కాబట్టి అక్కడ మౌనం మరొకరి ప్రాణం మీదికి వస్తుంది. తిరుక్కోట్టియూరులో రామానుజులు గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని జనానికి వినిపించిన గాథను కూడా ఎదురు వాదులు ఉదాహరించవచ్చు. అయితే ఆ గాథలోని కీలకం వేరే చోట ఉంది. రామానుజులు విప్పినది పెద్దలు జనానికి అందకుండా దాచిన రహస్యం. దాని వల్ల నరకం వస్తే తాను ఒక్కడే అనుభవిస్తానని ఒప్పుకుని విప్పారు. రోగి రహస్యాన్ని బయటపెట్టే కార్యాలయం విషయంలో నరకం అనుభవించేది రోగి. అధికారం దాచుకున్న రహస్యం, అధికారం ఎదుట మనిషి దాచుకున్న గోప్యత, రెండూ దాపరికాలే అయినా ఒకే తూకంలో తూగవు. క్షయ విషయంలో కూడా, ఆ సమాచారం చేరవలసింది క్షయ నివారణ విభాగానికే. అక్కడినుంచి రేషన్ పట్టీ దాకా దానికి దారి ఉండవలసిన కారణం లేదు.

కాబట్టి ఆర్కిటెక్చర్ గీసేవారి మొదటి ప్రశ్న ఏ వివరం ఏ వివరంతో కలవాలి అన్నది కాక, ఏది దేనితో ఎన్నటికీ కలవకూడదు అన్నది కావాలి. పతంజలి యమాల్లో చివరిదైన అపరిగ్రహం, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం, యోగులకంటే డేటాబేస్ గీసేవారికి నేడు ఎక్కువ అవసరం. అడగని వివరం లీకు కాదు. పని మొదట్లోనే ఈ గీతలు గీయాలనడానికి కారణం మామూలు మేస్త్రీకి కూడా తెలుసు: గోడలు లేచాక గది చోటు మార్చడం కూలగొట్టడమే.

ఈ మాట ప్రభుత్వానికి తెలియదని కాదు. ఈ-ప్రగతి రూపకల్పనకు నాయకత్వం వహించిన జె. సత్యనారాయణే అధ్యక్షత వహించిన కమిటీ 2019లో జాతీయ డిజిటల్ ఆరోగ్య నమూనాను సిద్ధం చేసింది. రోగి రికార్డులను ఢిల్లీలో ఒకే గిడ్డంగిలో పోయక, పుట్టిన చోటే ఉంచి, రోగి సమ్మతి మీద మాత్రమే కదిలించాలన్న సూత్రం అందులో ఉంది. 2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, అది ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఆ నమూనా నుంచి వచ్చినవే. సూత్రం మంచిది. కాని రికార్డు లోపల ఏముందో దాచి, అది ఏ ఆసుపత్రిలో ఉందో సూచికలో చూపిస్తే, మామూలు ఆసుపత్రికి వెళ్లే రోగికి తేడా తెలియకపోవచ్చు. ఎర్రగడ్డ రోగికి మాత్రం ఆ సూచికే రికార్డు. చిరునామా కూడా చికిత్సలో భాగమేనని ప్లానులో రాసుకోనంతవరకు ఆ మనిషికి సమ్మతి పత్రం వల్ల ఒరిగేది తక్కువ.

2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఏ పనికి తీసుకున్న సమాచారాన్ని ఆ పనికే వాడాలంటున్నది, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్నీ కేంద్రం చేతిలోనే ఉంచింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకు వచ్చేది పద్దెనిమిది నెలల తరువాత, 2027 మేలో. ప్లాన్లు గీయడం మాత్రం ఆ తేదీ కోసం ఆగలేదు.