కాపలా ఎవరి కోసం?

ఈ ఏడాది శివరాత్రికి మా ఊరు వడ్డాది వెళ్ళినప్పుడు మా వదినకీ నాకూ మధ్య ఒక వాదన జరిగింది. అది ఇంకా తెగలేదు. తెగకుండానే దాని గురించి రాయడానికి కూర్చున్నాను.

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఫోటోలు పెట్టుకునే ఒక యాప్‌లో ఎవడో మొదట అన్నయ్యలా మాట్లాడాడు. తర్వాత దాని ముఖాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి పంపాడు. తను చెప్పినట్టు వినకపోతే అందరికీ పంపుతానన్నాడు. పిల్ల నెల రోజుల పాటు ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా తినక, రాత్రుళ్ళు నిద్రపోక ఉంటే వదినే నిలదీసి కనుక్కుంది.

"పదహారేళ్ళు రాని పిల్లలికి ఇవన్నీ మూసేసే చట్టం వస్తాదట. బేగి వస్తే బాగుణ్ణు. నువ్వెందుకు వద్దంటన్నావు?" అంది వదిన. నేనేదో చెప్పబోయాను. "ఆడపిల్లని కన్నదాన్ని. నా భయానికి నీ సిద్ధాంతాలు పనికొస్తాయేటి?" అంది.

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. సాహిత్యంలో పరిశోధన చేసి, సెన్సార్‌షిప్ మీద వ్యాసాలు రాసిన నేను ఆ రాత్రి వంటింటి గుమ్మంలో నోరు మూసుకుని కూర్చున్నాను. వదిన భయం నిజమైనది. భావప్రకటనా స్వేచ్ఛ అన్న పెద్ద మాటతో దాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. అయితే ఆ భయానికి ఈ చట్టమే మందా అన్నది వేరే ప్రశ్న.

వదిన విన్నది పుకారు కాదు. ఆస్ట్రేలియాలో 2024లో చేసిన చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమలవుతోంది. పదహారేళ్ళ లోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకుండా కంపెనీలే చూడాలి. తల్లిదండ్రులు ఒప్పుకున్నా అక్కడ మినహాయింపు లేదు. ఆ చట్టాన్ని పరిశీలిస్తున్నామని 2026 జనవరిలో దావోస్‌లో మన రాష్ట్ర ఐటీ మంత్రి నారా లోకేష్ చెప్పారు. దేశం మొత్తానికి వర్తించే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. వాళ్ళ వివరాలు ఏ కంపెనీ తీసుకోవాలన్నా తల్లి లేదా తండ్రి అనుమతి ఉండాలి, ఆ అనుమతి రుజువు చేసుకోగలిగేదై ఉండాలి. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

ఇందులో మంచి లేదని అనను. పిల్లల కదలికల్ని వెంటాడి, వాళ్ళ ఇష్టాయిష్టాలు పట్టుకుని ప్రకటనలు చూపించడాన్ని అదే చట్టం నిషేధించింది. ఆ నిషేధం కంపెనీల చేతులు కడుతుంది. అనుమతి నియమం మాత్రం పిల్ల చేతులు కడుతుంది. ఈ రెండూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే ఉండడంతో రెండింటినీ కలిపి రక్షణ అనేస్తున్నాం.

వయసు తనిఖీ అంటే పిల్లల్ని ఆపడమేననీ పెద్దలకు దాంతో పని లేదనీ చాలామంది అనుకుంటారు. గుమ్మం దగ్గర కాపలా పెట్టాక పిల్ల ఎవరో తేల్చాలంటే వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపి అడగాల్సిందే. నలభై ఏళ్ళ స్త్రీ కూడా తను పిల్ల కాదని నిరూపించుకోవాలి. అందుకు గుర్తింపు కార్డో ముఖమో చూపించాలి. అలా చూపించిందంతా ఎక్కడో ఒకచోట చేరుతుంది. 2025 అక్టోబరులో డిస్కార్డ్ సంస్థ తన తరఫున పనిచేసే మరో కంపెనీ దగ్గర్నుంచి సుమారు 70,000 మంది వాడకందారుల గుర్తింపు కార్డుల ఫోటోలు బయటికి పోయి ఉండవచ్చని ఒప్పుకుంది. అవి వయసు నిరూపించుకోవడానికి జనం ఇచ్చిన కార్డులే.

చూసినది ఎక్కడో నమోదవడం అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో కంటే ముందే తెలుసు. 2012లో నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఇంట్లో కంప్యూటర్ లేదు. వడ్డాది నుంచి ఆటోలో చోడవరం వెళ్ళి ఒక నెట్ సెంటర్‌లో కూర్చునేదాన్ని. అంతకు ముందు ఏడాదే, 2011 ఏప్రిల్లో, సైబర్ కేఫ్‌లకు కేంద్రం నియమాలు పెట్టింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి. పేరు, చిరునామా, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రిజిస్టర్లో రాయాలి. ఎవరు ఏ సైట్లు చూశారో ఆ చరిత్ర కనీసం ఏడాది దాచాలి. గదుల మధ్య అడ్డం నాలుగున్నర అడుగులకు మించకూడదు. ఉగ్రవాదుల్ని పట్టుకోవడానికని చెప్పారు.

ఆ రోజుల్లో నాకు నెలసరి మూడేసి నెలలు రాకపోయేది. అమ్మకి చెబితే పెళ్ళయితే సర్దుకుంటుందనేది. డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నీ వెళ్ళలేను. అందుకని నెట్‌లో చదివాను. గర్భం గురించి, హార్మోన్ల గురించి, అండాశయంలో నీటితిత్తుల గురించి రెండు మూడు సార్లు గంటల తరబడి చదివాను. ఆ సెంటర్ నడిపే ఆయన మా నాన్నకి తెలిసినవాడు. మీ అమ్మాయి ఏవేవో చూస్తోంది, కాస్త కనిపెట్టుకోండి అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు. ఆడపిల్ల బాగు కోరే చెప్పానని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. మా నాన్న నన్నేమీ అడగలేదు. మర్నాటినుంచి చోడవరం వెళ్ళొద్దన్నాడంతే. ఆ నెలలోనే పీజీ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు చెయ్యాల్సిన గడువు దాటిపోయింది. ఒక ఏడాది పోయింది. నా జబ్బు పేరు తెలుసుకోవడానికి మరో మూడేళ్ళు పట్టింది.

ఉగ్రవాదుల కోసం పెట్టిన రిజిస్టర్ మా నాన్న చేతికి అందింది. నిఘా ఎవరి కోసం మొదలైనా చివరికి ఇంటి గడప దాకా వస్తుంది, ఇంట్లో ఎవరి మీద అదుపు ఎక్కువో వాళ్ళ మీదే వాలుతుంది. మా అన్నయ్య కూడా అదే సెంటర్‌కి వెళ్ళేవాడు. వాడి గురించి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

అందుకే తల్లిదండ్రుల అనుమతి అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. చట్టం భాషలో తల్లిదండ్రులు అన్నది మెత్తటి పదం. మన ఇళ్ళల్లో ఆ పదానికి ఒక పురుషుడి ముఖం ఉంటుంది. ఫోన్ నంబరు ఆయన పేరున ఉంటుంది, ఓటీపీ ఆయనకే వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు సుమారు 49 శాతం. ఇప్పుడా అంకెలు పెరిగే ఉంటాయి. అయినా ఆ తేడా పుట్టిన ఇళ్ళు మాత్రం అవే. అదే సర్వేలో మరో అంకె ఉంది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. ఆ పెళ్ళిళ్ళు చేసింది తల్లిదండ్రులే. పెళ్ళి ఆపమని ఎవరినైనా అడగాలనుకున్న పదహారేళ్ళ పిల్ల, అలా అడగడానికి ఎవరి అనుమతి తెచ్చుకోవాలి? ఇంట్లోనే మావయ్యో బాబాయో చెయ్యి వేస్తుంటే, అది తప్పేనా అని తెలుసుకోవాలనుకున్న పిల్ల మాటేమిటి? వేరే కులం అబ్బాయిని ఇష్టపడి ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగే పిల్ల?

కాపలా ఉన్నచోట ఏది ప్రమాదం, ఏది అశ్లీలం అన్నది తేల్చేవాళ్ళు కూడా ఉంటారు. మన సాహిత్యంలో దీనికి పాత ఉదాహరణ ఉంది. తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 18వ శతాబ్దంలో రాధికా సాంత్వనము రాసింది. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్నీ ఆమె నడతనూ కలిపి నిందించారు. స్త్రీల చదువు కోసం, వితంతు వివాహాల కోసం జీవితం ధారపోసిన మనిషి ఆయన. ముద్రణలో వచ్చిన ప్రతిలో పద్యాలు తీసేశారని గమనించి, పూర్తి పాఠాన్ని సంపాదించి 1910లో ప్రచురించింది బెంగుళూరు నాగరత్నమ్మ. పురుషులు రాస్తే శృంగారమైనది స్త్రీ రాస్తే సిగ్గుమాలినతనం ఎలా అయిందని ఆమె నిలదీసింది. 1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు 1947లో ఆ నిషేధం తొలగింది. అప్పటికి సుమారు 35 ఏళ్ళు గడిచాయి.

ఆ నిషేధానికి చెప్పిన కారణం కూడా జనం నీతిని కాపాడడమే. అంతకంటే శృంగారం దట్టించిన మగవాళ్ళ ప్రబంధాలు పాఠ్యపుస్తకాలై నిలబడ్డాయి. కోరిక గురించి ఒక స్త్రీ తన నోటితో మాట్లాడిన పుస్తకం మీదే వేటు పడింది. 1980లు, 90లలో శరీరం గురించి, ప్రసవం గురించి, పడకగది గురించి రాసిన మన కవయిత్రుల్ని నీలి కవయిత్రులని వెక్కిరించింది కూడా ఈ దృష్టే. అప్పట్లో ఒక యంత్రం ఉండి ఏది పెద్దలకు మాత్రమే అని తేల్చమంటే, ఆ కవితలన్నీ గడియ వెనక్కే పోయేవి. 2025 జులైలో బ్రిటన్‌లో వయసు తనిఖీ అమల్లోకి వచ్చాక, లైంగిక దాడికి గురైనవాళ్ళు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే కొన్ని చర్చావేదికలు కూడా తనిఖీ వెనక్కి వెళ్ళాయని వార్తలు వచ్చాయి. నాకు ఆశ్చర్యం కలగలేదు.

చేతికి చట్టం ఉంటే దాన్ని ఎవరి మీద వాడతారో కూడా చూశాం. ఐటీ చట్టంలో 2008 సవరణతో చేర్చిన 66ఎ సెక్షన్‌కు స్త్రీలను వేధించేవాళ్ళని పట్టుకోవచ్చన్న సమర్థన కూడా ఉండేది. 2012 నవంబరులో ముంబై బంద్‌ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసిన అమ్మాయినీ, దాన్ని మెచ్చుకున్న ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. కొట్టేసిన ఆరేళ్ళకి కూడా దాని కింద కేసులు పెడుతున్నారని 2021లో అదే కోర్టు విస్తుపోయింది.

ఇదంతా వదినకి చెప్పాను, కాస్త తేలిక మాటల్లో. ఆమె శ్రద్ధగా విన్నది. "అంతా బాగుంది. మరి వాడు నా పిల్ల దగ్గరికి ఎలాగ వచ్చేడు? అది అక్కడ లేకపోతే వచ్చేవోడా?" అంది.

ఈ వాదనలో అసలు బలం ఇక్కడే ఉంది. పిల్ల అక్కడ లేకపోతే వాడు రాడు. నిజమే. బడి దారిలో ఏడిపిస్తున్నారని బడి మాన్పిస్తే దారిలో ఎవరూ ఏడిపించరు. అదీ నిజమే. మా అమ్మని ఏడో తరగతితో ఆపేసింది ఆ నిజమే. వదినని పదితో ఆపేసిందీ అదే. తప్పు చేసేవాణ్ణి దారిలో వదిలేసి, ఆడపిల్లని దారిలోంచి తీసేయడం మనకి అలవాటైపోయిన న్యాయం. పైగా అతను పెద్దవాడు. ఏ తనిఖీ పెట్టినా దర్జాగా కార్డు చూపించి లోపలికి వస్తాడు.

అలాగని ఏమీ చెయ్యొద్దని కాదు. వాడు చేసిన పనికి పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, ఐటీ చట్టంలో 67బి ఉంది. ఫిర్యాదుకి 1930, పిల్లల కోసం 1098 నంబర్లు ఉన్నాయి. ముక్కూ ముఖం తెలియని పెద్దవాళ్ళు పిల్లలకి నేరుగా సందేశం పంపే వీలు లేకుండా యాప్‌ని తయారు చెయ్యమని కంపెనీలని బలవంతపెట్టవచ్చు. ఫిర్యాదు చేసిన ఫోటోని గంటల్లో తీసేయించవచ్చు. పోలీస్ స్టేషన్లో ఆడపిల్ల ఫిర్యాదు చెబితే ముందు నువ్వెందుకు ఫోటో పెట్టావని అడగకుండా ఉండడం నేర్పవచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ పిల్ల ఆధార్ అక్కర్లేదు. వీటికి డబ్బూ శ్రమా కావాలి. కాపలాకి మాత్రం ఒక ప్రకటన చాలు.

ఆ సంభాషణంతా మా మేనకోడలు తలుపు పక్కన నిలబడి విన్నదని మాకు తెలియదు. వదిన లోపలికి వెళ్ళాక నా పక్కన వచ్చి కూర్చుంది. నెల రోజులు ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాను.

"చెప్తే ఫోన్ లాగేసుకుంటారని, అత్తా" అంది. కాసేపాగి, "ఆ చట్టం వస్తే పోయేది నా ఫోనే కదా? అతనిది పోదు కదా?" అంది.

ఆ నెల రోజుల నిశ్శబ్దమే వాడికి బలం. ఆ నిశ్శబ్దాన్ని పుట్టించింది ఇంటర్నెట్ ఒక్కటే కాదు, చెబితే శిక్ష తనకే పడుతుందన్న భయం కూడా. ఇప్పుడు ఆ భయాన్నే చట్టంగా రాస్తే, దొంగదారిన ఖాతా తెరిచిన పిల్ల రేపు ఇలాంటిదే జరిగినప్పుడు ఇంకెవరికి చెబుతుంది? తను అక్కడ ఉండడమే తప్పయినప్పుడు, తనకి జరిగిన తప్పు గురించి నోరెలా విప్పుతుంది?

మర్నాడు వదినతో కలిసి ఫిర్యాదు రాశాను. అందులో పిల్ల తప్పు చేసినట్టు ధ్వనించే వాక్యం ఒక్కటీ లేకుండా రెండుసార్లు చూసుకున్నాం. ఏం జరిగినా ముందు చెప్పు, ఫోన్ తీసుకోం అని వదిన పిల్లకి మాటిచ్చింది. ఆ మాట ఇవ్వడం ఆమెకి తేలిక కాలేదు, గొంతులో తెలుస్తూనే ఉంది. చట్టం విషయంలో మాత్రం ఆమె అభిప్రాయం మారలేదు. "నీ మాట నీకుంది, నా భయం నాకుంది" అని బస్సెక్కించింది.

చోడవరం దాటుతుంటే ఆ పాత నెట్ సెంటర్ ఉన్న వీధి వైపు చూశాను. అక్కడిప్పుడు సెల్ ఫోన్ల దుకాణం ఉంది. ఆ రిజిస్టర్ ఏమైందో తెలియదు. నా పేరు, మా నాన్న పేరు, నేను వచ్చిన వేళ, వెళ్ళిన వేళ అందులో ఉన్నాయి. నేను ఎందుకు వచ్చానో మాత్రం ఎవరూ అడగలేదు.