ముద్దలు లెక్కపెట్టడం తప్పా?

హోటలులో పదార్థాల జాబితా మీద ధర పక్కనే కేలరీల సంఖ్య కూడా వేయాలా, అక్కరలేదా? ఈ ప్రశ్న వినగానే నవ్వేవారున్నారు. ఆకలేసి వచ్చినవాడికి లెక్కలెందుకని వారి భావం. కాని ఇది నవ్వి ఊరుకునే ప్రశ్న కాకుండా పోయి చాలాకాలమైంది. న్యూయార్కు నగరం 2008లోనే, 15 లేక అంతకు మించి శాఖలున్న హోటళ్ళు ధరతోపాటు కేలరీలు కూడా చూపి తీరాలని నియమం పెట్టింది. 2018 మే నుంచి అమెరికా దేశమంతటా, ఒకే పేరుతో 20 లేక అంతకు మించి శాఖలున్న హోటళ్ళకు అది చట్టమైంది. మన పొరుగున సౌదీ అరేబియాలో 2019 జనవరి నుంచి, ఇంగ్లండులో 2022 ఏప్రిల్ నుంచి, మన దేశంలో 2022 జూలై నుంచి ఇలాంటి నియమాలే వచ్చాయి. నువైసీబ్ సరిహద్దు దాటి దమ్మాం వెళ్ళినా, సెలవుల్లో హైదరాబాదు వెళ్ళి పెద్ద హోటలులో కూర్చున్నా ఆ అంకెలు మన కంటబడుతూనే ఉంటాయి.

నేను వైద్యుణ్ణి కనుక నా ఓటు ఎటు పడుతుందో ముందే తెలుసునని పాఠకులు అనుకోవచ్చు. నా ఓటు అటే. కాని అందుకు నేను చెప్పే కారణం వైద్యులు సాధారణంగా చెప్పేది కాదు. ఆ అంకె చూసి జనం సన్నబడతారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. అయినా ఆ అంకె అక్కడ ఉండవలసిందే అంటాను. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు కేలరీ అంటే ఏమిటో చూద్దాం. ఒక కిలో నీటి వేడిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెంచడానికి ఎంత శక్తి కావాలో, ఆహారం విషయంలో మనం కేలరీ అనేది దానినే. గ్రాము పిండిపదార్థంలో సుమారు 4, గ్రాము మాంసకృత్తులలో సుమారు 4, గ్రాము నూనెలోగాని నేతిలోగాని సుమారు 9 కేలరీలుంటాయి. వంటవాడి చెయ్యి కాస్త వదులై ఒకరి పాలి కూరలో రెండు పెద్ద చెంచాల నూనె, అంటే దాదాపు 30 గ్రాములు, ఎక్కువ పడిందనుకోండి. అక్కడే 270 కేలరీలు పెరిగాయి. మామూలు మనిషి గంటసేపు నడిస్తే గాని అంత ఖర్చు కాదు. ఇంతా చేసి అది కంటికి ఆనదు. వంకాయ నూనెను పీల్చుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. వండినవాడికి తెలుసు, వండించినవాడికి తెలుసు, తిన్నవాడికి తెలియదు. ఇప్పుడు వంటిల్లు ఎక్కడుందో కూడా మనకు తెలియడం లేదు. ఇప్పుడు ఫోనులో వేలితో నొక్కితే ఇంటికి భోజనం పంపే తలబాత్ సంస్థ 2004లో మొదలైంది ఈ కువైట్‌లోనే గదా!

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటె బలమైనది మన సంస్కారంలోనుంచే వస్తుంది. అన్నం ముందు కూర్చున్నవాడి ముద్దలు లెక్కపెట్టడం పాపమని మన ఇళ్ళలో చెబుతారు. వడ్డించే తల్లి గరిటెలు లెక్కపెట్టదు. ఇక్కడి అరబ్బుల ఇళ్ళలోనూ అంతే. పెద్ద పళ్ళెంలో మచ్‌బూస్ తెచ్చి మధ్యన పెట్టి, అతిథి చెయ్యి ఆపితే నొచ్చుకుంటారు. అన్నానికి అంకె తగిలించడం ఆ మర్యాదను చెరచడమేనని అడిగేవారి బాధ నాకు అర్థమవుతుంది. నా మటుకు నేను మా ఇంట్లో అన్నం గిన్నెకు చీటీ అంటించను.

కాని హోటలు యజమాని అతిథికి అన్నం పెట్టే గృహస్థు కాడు. ముద్దలు లెక్కపెట్టనిదే అతని వ్యాపారం ఒక్క నెల సాగదు. బస్తాకు ఎన్ని ప్లేట్లు, డబ్బా నూనె ఎన్ని రోజులు, బిర్యానీలో ఎన్ని ముక్కలు అన్నీ అతనికి లెక్కే, ఫిల్సుతో సహా. అలా ఉండటం తప్పు కాదు, అది వ్యాపార ధర్మం. అంటే అన్నానికి లెక్క కొత్తగా వచ్చిపడటం లేదు, ముందునుంచే ఉంది. ఆ లెక్కలో తినేవాడి ఒంటికి సంబంధించిన భాగాన్ని అతనికి కూడా చెప్పాలా వద్దా అన్నదే ప్రశ్న. మర్యాద పేరు చెప్పి ఆ భాగాన్ని మాత్రం దాచడం, ధరను మాత్రం కొట్టొచ్చినట్టు వేయడం నాకు న్యాయంగా తోచదు.

రెండో అభ్యంతరం శాస్త్రజ్ఞులది. ఈ అంకెల వల్ల ఏమంత ఒరిగిందని వారు అడుగుతారు. ఇందులో నిజముంది. ఇంతవరకు జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూకం వేసిన కాక్రేన్ సమీక్ష 2025లో వెలువడింది. 600 కేలరీల భోజనం కొనేచోట అంకె కనబడితే సగటున తగ్గేది 11 కేలరీలని అది తేల్చింది. రెండు బాదం పప్పులంత! 2014లో జరిగిన సర్వే ప్రకారం కువైటీ వయోజనులలో దాదాపు 40 శాతం మంది స్థూలకాయులు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనాలో ఇక్కడి పెద్దలలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి చక్కెర జబ్బు. మన సంగతి అంతకంటె మెరుగేమీ కాదు. మనలాంటి ఆసియావాసులకు తక్కువ బరువులోనే ఈ జబ్బు వస్తుంది కనుక, బి.ఎమ్.ఐ. 23 దాటగానే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. ఇంత పెద్ద జబ్బుకు రెండు బాదం పప్పుల మందా అంటే, నిజమే, అది మందు కాదు.

అయితే ఒక మాట. మన దేశంలో పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క వేస్తారు, లోపలిది శాకాహారమని తెలియడానికి. ఆ చుక్క వల్ల దేశంలో మాంసం తినడం ఎంత శాతం తగ్గిందని ఎవరైనా అడిగారా? అడగరు. ఎందుకంటే అది జనాన్ని మార్చడానికి పెట్టింది కాదు. తినేవాడికి తాను తినేదేమిటో తెలుసుకునే హక్కు ఉందని పెట్టింది. కేలరీల అంకెను కూడా ఆ దృష్టితోనే చూడాలని నా మనవి. నూటికి తొంభైమంది దాన్ని చూసీ చూడనట్టు పోనీయండి. అడగకుండానే తెలిసే ఏర్పాటు మిగిలిన పదిమందికి దక్కాలి. అడిగి తెలుసుకోవచ్చుగా అంటారేమో! మన మొహమాటం ఎవరికి తెలియదు? నలుగురి మధ్య కూర్చుని, ఇందులో నూనె ఎంత వేశారని సర్వరును అడిగే ధైర్యం మనలో ఎందరికుంది?

మూడో అభ్యంతరం తేలికగా తీసుకోరానిది. తిండికి భయపడి, ప్రతి మెతుకూ లెక్కించుకుని, చిక్కి శల్యమయ్యే జబ్బు ఒకటుంది. ఎక్కువగా ఎదుగుతున్న ఆడపిల్లలకు వస్తుంది. అలాంటివారికి ఆ అంకె విషంతో సమానం. ఇంగ్లండులో నియమం వచ్చినప్పుడు ఈ రోగుల తరఫున పనిచేసే సంస్థలు గట్టిగానే వ్యతిరేకించాయి. అడిగినవారికి అంకెలు లేని జాబితా ఇవ్వవచ్చునని అక్కడి నిబంధనలోనే వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటు ఎక్కడైనా ఉండాలి. తెలుసుకునే హక్కులో తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా కలిసే ఉంది.

ఆ అంకె అందరితోనూ ఒకే మాట చెప్పదు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పేరు మనలో చాలామంది ఎరిగినదే. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. డాక్టరు గోపాలన్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు కలిసి తయారుచేయగా 1971లో అక్కడినుంచి వెలువడిన భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం మా వైద్య విద్యార్థుల బల్లల మీద ఎన్నో ఏళ్ళు ఉంది. జొన్నలు మొదలు తోటకూర దాకా దేనిలో ఎన్ని కేలరీలో అందులో ఉంటుంది. ఆ లెక్కలు కట్టిన రోజుల్లో మన దేశపు దిగులు లావెక్కడం గురించి కాదు, పస్తుల గురించి. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన బృందం పేదరికానికి గీత గీసినప్పుడు కూడా కేలరీలనే కొలమానం చేసింది. పల్లెలో మనిషికి రోజుకు 2400, పట్టణంలో 2100. అంతకంటె తక్కువ దొరికేవాడు పేదవాడు. ఒక తరం తిరిగేసరికి అదే కేలరీ మన కుటుంబాలకు ఎక్కువ తినవద్దని హెచ్చరించే గుర్తయింది.

ఈ రెండు కాలాలూ కువైట్‌లో పక్కపక్కనే ఉన్నాయి. సాల్మియాలో కారు దిగి హోటలులోకి వెళ్ళే మనకు 900 అన్న అంకె వెనక్కి లాగే చెయ్యి. కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో, నిజామాబాదు నుంచో వచ్చి, ఎండలో పనిచేసి, అబ్బాసియాలో ఒక గదిలో పదిమందితో ఉండే తమ్ముడికి అదే 900 మరోలా కనబడుతుంది. తన దగ్గరున్న కొద్దిపాటి ఫిల్సుకు ఏది కొంటే రేపటి పనికి ఓపిక ఉంటుందో అతను చూసుకుంటాడు. అతనికి ఆ అంకె మేలే చేస్తుంది, చదవగల భాషలో ఉంటే. కనుక దాని పక్కన ఎర్ర రంగు పూయడం, మంచి తిండి చెడ్డ తిండి అని ముద్ర వేయడం నాకు సమ్మతం కాదు. అంకె చెప్పి ఊరుకోవాలి. ఎక్కువో తక్కువో తినేవాడు తేల్చుకుంటాడు.

ఇక్కడే నా అసలు భయం చెప్పాలి. అంకె వేసేసిన తరువాత యజమాని చేతులు దులుపుకునే ప్రమాదముంది. చెప్పాంగదా, తిన్నది నువ్వేగదా అన్నది ఒక వాదమై కూర్చుంటుంది. ప్లేటు పెద్దదవుతూ పోతుంది, నూనె కారుతూనే ఉంటుంది, తప్పు మాత్రం తినేవాడి నాలుకది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడు, వండిపెట్టే మనిషి లేనివాడు దొరికింది తింటాడు. అతనికి అంకె చూపించి బుద్ధి చెప్పడం ధర్మమనిపించుకోదు.

దీనికి జవాబు కూడా ఈ దేశంలోనే ఉంది. కువైట్‌లో అందరూ తినే రొట్టె చాలావరకు కువైట్ ఫ్లోర్ మిల్స్ అండ్ బేకరీస్ సంస్థ తయారుచేసేదే. రక్తపోటు బెడద చూసి 2013లో ఆ రొట్టెలో ఉప్పును సుమారు అయిదో వంతు తగ్గించారు. కొనేవాడు ఏ అంకే చదవనక్కరలేకపోయింది, ఏ నియమమూ పాటించనక్కరలేకపోయింది. ధనవంతుడి బల్ల మీదా, కూలివాడి గదిలోనూ ఒకేలా తగ్గింది. చేయగల స్థితిలో ఉన్నవాడు చేసి చూపించాడు. హోటళ్ళు కూడా ఆ దారి పట్టవచ్చు. గరిటెడు నూనె తగ్గించవచ్చు, సగం ప్లేటు సగం ధరకే ఇవ్వవచ్చు, అడగనిదే చక్కెర పానీయం జతచేయకుండా ఉండవచ్చు.

అలాగని భార్యాభర్తలు కలిసి నడుపుకునే చిన్న మెస్సు మీద ఈ చట్టం రుద్దమని నేననను. రోజుకో కూర, చేతి కొలత. వారు ప్రయోగశాలకు ఎక్కడ పరుగెత్తుతారు? ఇంగ్లండు నియమం 250 లేక అంతకు మించి సిబ్బంది ఉన్నవారికే. మన దేశపు నియమం కేంద్ర లైసెన్సు ఉన్నవారికి, లేదా 10 లేక అంతకు మించి చోట్ల నడిపేవారికే. ఆ హద్దు సబబైనదే. కొలిచే స్తోమత ఉన్నవాడికే చెప్పే బాధ్యత.

మరి లెక్క లేని చోట, అంటే మన ఇళ్ళలో, మన సంఘం ఉగాది విందులో, మనం చేయవలసింది ఏమీ లేదా? అక్కడ అంకెలు వద్దు. కాని ముద్దలు లెక్కపెట్టని మర్యాదకు రెండో వైపు కూడా ఉంది. చాలన్నవాడి ఆకులో బలవంతాన మరో గరిటె వేయకూడదు. చక్కెర జబ్బున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెడితే, ఈ ఒక్కరోజుకేం ఫరవాలేదు బాబాయిగారూ అని బూరె వేసేది మనమే. వారం పోయాక ఆయన రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చేది నాబోటివాళ్ళ దగ్గరికి. వచ్చే ఉగాదికి వడ్డనకు నిలబడే యువకులకు ముందుగా ఈ ఒక్క మాట చెప్పి పంపవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. చట్టాలు వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఇది.