సంఖ్యాఫలకము - స్వామ్యభావము

గృహిణులు కంచుచెంబుపై పేరు చెక్కించుకొందురు. పదిమంది పాత్రలలో తమ పాత్రను గుర్తించుటయే దాని ప్రయోజనము. గుర్తునకే వెలకట్టి, ఆ వెలనే గౌరవముగా నెంచుట వేరొక విషయము. ఈ భేదమును గ్రహించుటకు బ్రిటను దేశపు వాహనసంఖ్యల చరిత్ర చక్కని దృష్టాంతము.

1903 నాటి మోటారుకార్ల చట్టము ననుసరించి, 1904 జనవరి 1 నుండి ఆ దేశమున ప్రతి కారునకు నమోదుసంఖ్య విధింపబడెను. బండిని గుర్తుపట్టుటయే ఉద్దేశము. కాలక్రమమున ఆ గుర్తే అలంకారమయ్యెను. 1989 నుండి ప్రభుత్వశాఖయే కోరిన అక్షరములు, అంకెలు గల సంఖ్యలను విక్రయించుచున్నది. 2014లో '25 ఓ' అను సంఖ్య రుసుములతో కలిపి 5 లక్షల పౌండ్లకు మించి పలికెను. తెలుగునాట అక్షరములను కోరుకొను వీలు లేదు గాని, 9999 వంటి అంకెలకు రవాణాశాఖ వేలము జరుగుచునే యున్నది.

బ్రిటనులో ఇందులకు నియమములు కలవు. బండిని దాని వయస్సుకంటె క్రొత్తదిగా చూపు సంఖ్యను తగిలింపరాదు. పేరువలె కనబడుటకై అక్షరముల నడుమ ఎడమును మార్చినచో 1,000 పౌండ్ల వరకు జరిమానా కలదు. బండికి తగిలింపని సంఖ్యపై హక్కును 10 సంవత్సరముల వరకు పత్రరూపమున నిలుపుకొనవచ్చును. గడువులోపల పొడిగించుకొననిచో ఆ హక్కే పోవును. ఏలయన కొనువానికి లభించునది సంఖ్యను వాడుకొను హక్కేగాని, సంఖ్యపై స్వామ్యము కాదు.

కొందరు దీనిని పెట్టుబడిగా భావింతురు. పొట్టి సంఖ్యలు పరిమితములు, కోరువారు పెరుగుచుందురు, తుప్పు పట్టదు, గిడ్డంగి అక్కరలేదు అని వారి వాదము. అది కొంతవరకు నిజమే. కాని పొలము పంట నిచ్చును, ఇల్లు అద్దె నిచ్చును; సంఖ్య ఏమియు నీయదు. ఎక్కువ వెల యిచ్చు మరియొకని కోరికయే దాని ఏకైక ఫలము. పేరును పోలిన సంఖ్యకైనచో ఆ పేరు గల ధనికుడే దొరకవలెను.

మరి ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుచున్నది గదా, బీదవానిపై భారము పడలేదు గదా యని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ధనికుని వేడుకనుండి ప్రజలకు రాబడి కల్పించిన చట్టము వివేకము గలదే. అయితే ఆ పుణ్యము చట్టమునకు చెందును. కొనువాని సంకల్పమునకు చెందదు. అతడు కోరినది ప్రజాహితము కాదు, పదిమంది తనవైపు తిరిగి చూచుట.

వేడుకపడుట నేరము కాదు. కష్టార్జితముతో కొన్నవానిని నిందింపనక్కరలేదు. కాని తనది కానిదానిని తనదని భ్రమించుట, ఆ భ్రమకై అప్పు చేయుట, పొరుగువానిని చూచి పోటీపడుట విచారింపదగినవి. ఫలకము బండిని గుర్తించుటకు పుట్టినది. మనుష్యుని గుర్తించుటకు అతని నడవడి చాలును. దానికి గడువు లేదు, వేలమును లేదు.