బరువు, భారము

ధ్యానభాగము: గలతీయులకు 6:1–5



అడవి నుండి కట్టెలమోపు తెచ్చుకొను స్త్రీలను చూడనివారు మన నర్సీపట్నము ప్రాంతములో ఉండరు. మోపు కట్టిన తరువాత ఆమె తలపై చుట్టకుదురు పెట్టుకొని, దారిన పోవువారిని చూచి, “అమ్మా, కాస్త చేయి వేసి ఎత్తిపెట్టమ్మా” అని పిలుచును. నేలమీది మోపును తానొక్కతెయే తలకెత్తుకొనుట ఆమెకు సాధ్యము కాదు. ఎత్తిన పిమ్మట మాత్రము ఇల్లు చేరువరకు తానే మోయును. ఈ చిన్న సంగతిని మనస్సున ఉంచుకొని నేటి వాక్యభాగమును చదువుదము.

రెండవ వచనములో పౌలు భక్తుడు, మనము ఒకరిది ఒకరము మోయవలెనని చెప్పుచున్నాడు. అయిదవ వచనమునకు వచ్చునప్పటికి, ఎవరిది వారే మోసికొనవలెనని చెప్పుచున్నాడు. ఈ రెండును ఎట్లు నిజమగును? 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో రెండు చోట్లను ‘బర్డెన్’ అను మాటయే యున్నది. దానిని మాత్రమే చదువువానికి చిక్కు కలుగుట సహజము. మన తెలుగు బైబిలులోనో రెండవ వచనమున ‘భారము’ అనియు, అయిదవ వచనమున ‘బరువు’ అనియు ఉన్నది. పౌలు వ్రాసిన గ్రీకులోను మాటలు రెండే: మొదటిది ‘బారోస్’, రెండవది ‘ఫోర్టియోన్’. ద్రాక్షతోట కూలివారు పగలంతయు ఎండలో పడిన కష్టమునకు మత్తయి 20:12లో వాడబడినది మొదటి మాట. మనిషి మోయు మూటకు, ఓడలోని సరకుకు చెల్లునది రెండవది. ఈ భేదము అన్నిచోట్లను ఒకే తీరుగా కనబడదు గాని, ఇక్కడ మాత్రము అర్థమును విప్పుచున్నది.

మన వాడుకలోను ఈ మాటలకు ఎన్నో పోకడలున్నవి. దుఃఖము వచ్చినప్పుడు గుండె బరువెక్కినదందుము. అప్పు పెరిగినప్పుడు తలకు మించిన భారమందుము. సంసారమును నడుపువానిని గూర్చి ఇంటి బరువు మోయుచున్నాడందుము. మాట ఒక్కటియే యైనను మోత ఒక్కటి కాదు. ఏ మోత ఎవరిదో తెలిసికొనుటయే ఇక్కడి ప్రశ్న.

మొదటిది, మన స్వంత బరువు. మన నడవడి, మన మాట, దేవుడు మన చేతికిచ్చిన పని, వీటిని గూర్చి మనమే లెక్క యొప్పజెప్పవలెను. కూలి డబ్బులు త్రాగివేసి, ఇంటి బరువును భార్య నెత్తిన పెట్టి, సంఘము నాకు సహాయము చేయలేదని సణుగువాడు అయిదవ వచనమును మరచినవాడు. నాల్గవ వచనము ప్రకారము అతడు పరీక్షించుకొనవలసినది తన పనినే గాని పొరుగువాని పనిని కాదు.

రెండవది, ఒక్కడు మోయలేని భారము. మనకు పైనున్న ఏజెన్సీ కొండలలో రోడ్డు లేని ఊళ్లనుండి రోగులను, నిండు గర్భిణులను డోలీలో మోసికొని వచ్చుట నేటికిని ఆగలేదు. కర్రకు వ్రేలాడు ఆ డోలీలో పండుకొనియున్న వానితో, “ఎవరి బరువు వారే మోసికొనవలెను గదా” అని ఎవరైన చెప్పుదురా? ఇద్దరు భుజము పట్టెదరు, వారు అలసినప్పుడు మరి ఇద్దరు అందుకొనెదరు. మొదటి వచనమును చూడుడి. పౌలు అక్కడ తలంచినది తప్పిదములో చిక్కుకొనిన మనిషిని. అతని సిగ్గు, అతని పశ్చాత్తాపము కూడ అట్టి భారమే. కాని మనమేమి చేయుచున్నాము? పడినవాని దగ్గరకు పోయి అయిదవ వచనము చదువుచున్నాము. మన పని మనమీదికి వచ్చినప్పుడు రెండవ వచనము చదువుకొనుచున్నాము. వాక్యము సరియైనదే, చదువుకొను మనిషి తారుమారు చేసికొన్నాడు.

మూడవది, ఒకరు మరియొకరిపై అన్యాయముగా మోపు బరువు. శాస్త్రులును పరిసయ్యులును మనుష్యుల భుజములమీద పెద్ద మోతలు పెట్టి తాము వ్రేలైన కదపరని మన ప్రభువు మత్తయి 23:4లో గద్దించెను. మన నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు ఘాటు రోడ్డును మనమెరుగుదుము. తెల్లదొరల కాలములో ఆ రోడ్డు పనికి గిరిజనులను బలవంతముగా తెచ్చి, న్యాయమైన కూలి ఇయ్యక చాకిరి చేయించిరి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వారి పోడు వ్యవసాయమును అడ్డగించెను. ఇట్టి బాధలనుండియే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడెను. ఇట్టి మోతను ఓర్పుతో మోయుమని పేదవానికి బోధించుట ధర్మము కాదు. మోపినవాడు దించవలెను. మోయుచున్నవాని పక్షమున మనము నిలువవలెను.

మరియొక మాట. వృద్ధులైన తలిదండ్రులను భారమనుచున్నాము. పెండ్లి కావలసిన ఆడపిల్లను గుండెలమీద కుంపటి యనుచున్నాము. ఖర్చు బరువు కావచ్చును గాని మనిషి బరువు కాడు. ఆ మాట వినుచు ఆ ఇంటిలోనే అన్నము తినువారికి ఆ ముద్ద ఎట్లు దిగునో ఒకసారి ఆలోచించుదము.

తన భారము తేలికయని చెప్పిన ప్రభువు (మత్తయి 11:30) మన చేతులు ఖాళీగా ఉంచుదునని చెప్పలేదు. తనతోకూడ కాడి మోయుటకే పిలిచెను. కాడి ఇద్దరిది గదా.

కాబట్టి ఈ నెలలో మూడు ప్రశ్నలు మనలను మనము అడుగుకొందము. నా బరువును ఎవరి నెత్తిన పెట్టితిని? ఏ మోపు నొద్ద నిలిచి ఒకరు పిలిచినప్పుడు వినబడనట్లు నడిచిపోతిని? నేను మోపిన దేదైన ఉన్నయెడల నేడే దించగలనా? మోపు ఎత్తిపెట్టుటకు పట్టునది ఒక నిమిషమే. ఆ నిమిషము లేకపోయిన యెడల ఆ స్త్రీ చీకటిపడువరకు అడవి దారిలోనే నిలిచియుండవలెను.

పిలుపు వినబడు చెవులను, చాపబడు చేతులను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.